లోపం ముక్కులోనా, చూపులోనా?

గత నెలలో ఒకరోజు అసర్ నమాజు ముగిసి అందరూ వెళ్ళిపోయాక, మస్జిదు వరండాలో ఒక పెద్దమనిషి మా కోసం ఆగారు. ఆయన మాకు పాతికేళ్ళుగా తెలుసు. ఊళ్ళో సైకిళ్ళ దుకాణం నడుపుతారు. ఆయన పెద్ద కూతురు చిన్నతనంలో మా దగ్గరే ఖురాన్ పారాయణం నేర్చుకుంది. ఇప్పుడు డిగ్రీ పూర్తిచేసి ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. అమ్మాయికి మంచి రిష్తా వచ్చిందనీ, అబ్బాయి దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడనీ, జోడే కీ రఖమ్ ఊసు కూడా ఎత్తలేదనీ ఆయన చెప్పారు. మేము 'మాషా అల్లాహ్' అన్నాం. అప్పుడాయన గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు.

"అబ్బాయి తల్లికి అన్నీ నచ్చాయి మౌల్వీసాబ్. ముక్కు ఒక్కటే కాస్త లావుగా ఉందంటున్నారు. హైదరాబాదులో ఆపరేషన్ చేసి సరిచేస్తారట. నికాహ్‌కు ముందే చేయించమంటున్నారు. ఖర్చు మాదే. ఇది షరీఅత్‌లో జాయిజేనా?"

వారం రోజులు గడువు అడిగి ఇంటికొచ్చాం. కితాబులు తిరగేశాం. ఆ రాత్రి చాలాసేపటికి గానీ మాకొక విషయం తట్టలేదు. ఆ తండ్రి తన కూతురి ముక్కు కోయించడం జాయిజా అని అడిగారే గానీ, అలా కోయించమని అడగడం జాయిజా అని అడగలేదు. మేమూ ఆ ప్రశ్న వేసుకోలేదు.

ముందు ఆయన అడిగిన ప్రశ్ననే తీసుకుందాం.

మన పెద్దల్లో చాలామంది ప్లాస్టిక్ సర్జరీ అంటే ఒంట్లో ప్లాస్టిక్ ముక్కలు పెట్టడమనుకుంటారు. అది నిజం కాదు. గ్రీకు భాషలో ఆ మాటకు 'మలచడం' అని అర్థం. చాలా సందర్భాల్లో రోగి చర్మమే తొడ నుంచో, నుదుటి నుంచో తీసి అవసరమైనచోట అతుకుతారు. చెవి లేకుండా పుట్టిన బిడ్డకు పక్కటెముక దగ్గరి మృదులాస్థితో చెవి మలుస్తారు. ఈ విద్య పుట్టింది కూడా పడమటి దేశాల్లో కాదు. తెగిన ముక్కును తిరిగి మలిచే పద్ధతి సుశ్రుతుని గ్రంథంలోనే ఉంది. ఇంగ్లీషు సైన్యానికి ఎద్దులబండి తోలే కవాస్‌జీ అనే వ్యక్తి ముక్కును టిపూ సుల్తాన్ సైనికులు కోసేస్తే, పుణె దగ్గర ఒక దేశవాళీ వైద్యుడు నుదుటి చర్మంతో అతనికి కొత్త ముక్కు పెట్టాడు. ఆ వృత్తాంతం 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా అచ్చయింది. (టిపూ అంటే మాకు అభిమానమే. అయినా జరిగిందాన్ని దాచలేం కదా.) అది చదివి, ఆ పద్ధతిని అభ్యసించి, 1814లో లండన్‌లో జోసెఫ్ కార్ప్యూ అనే వైద్యుడు అలాంటి ఆపరేషన్ చేశాడు. తర్వాత మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి గుండ్లకు దవడలు, ముక్కులు పోయిన వేలాది సైనికులకు హెరాల్డ్ గిలీస్ అనే డాక్టరు ముఖాలు తిరిగి మలిచాడు. ఈనాటి ప్లాస్టిక్ సర్జరీకి ఆయన్నే మూలపురుషుడంటారు. యుద్ధంలో పోయిన ముఖాలను తిరిగి ఇవ్వడానికి ఎదిగిన విద్య ఇది.

ముక్కు విషయంలోనే మన హదీసు గ్రంథాల్లో ఒక ఉదంతం ఉంది. హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) ఇస్లాంకు పూర్వం కులాబ్ అనేచోట జరిగిన యుద్ధంలో ముక్కు కోల్పోయారు. వెండితో ముక్కు చేయించుకున్నారు. కొంతకాలానికి అది దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమని ఆయనకు చెప్పారు. అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఇది నమోదై ఉంది. పురుషులకు బంగారం ధరించడం నిషిద్ధమని మనందరికీ తెలుసు. ఆ నిషేధాన్ని సైతం సడలించి ఒక మనిషికి ముఖం తిరిగి ఇచ్చిన షరీఅత్ మనది. దుర్వాసన వస్తే ఎవరూ పక్కన కూర్చోరు. ఆ బాధను ప్రవక్త (స) చిన్నదిగా చూడలేదు.

బుఖారీలోని మరో హదీసులో బనీ ఇస్రాయీల్‌కు చెందిన ముగ్గురి కథ వస్తుంది. ఒకరు కుష్ఠురోగి, ఒకరు బట్టతలవాడు, ఒకరు అంధుడు. దైవదూత వచ్చి ఏం కావాలని అడిగితే, మొదటివాడు మంచి చర్మం కావాలన్నాడు, జనం తనను అసహ్యించుకుంటున్నారని చెప్పాడు. రెండోవాడు జుట్టు కోరాడు. దైవదూత వారిని మందలించలేదు, నిమిరి బాగుచేశాడు. తర్వాత మొదటి ఇద్దరూ దోషులైంది కోరుకున్నందుకు కాదు, బాగయ్యాక పాత రోజులు మరిచి బీదవాణ్ణి గెంటివేసినందుకు.

కనుక గ్రహణమొర్రితో పుట్టిన బిడ్డకు ఆపరేషన్ చేయించడంలో ఎవరికీ సందేహం ఉండనక్కరలేదు. ఈ మాట నొక్కిచెప్పడానికి కారణముంది. గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తుందనే నమ్మకం మన ఇళ్ళలో కూడా పాతుకుపోయింది. గ్రహణం నాడు తలుపులు బిగించే ముస్లిం ఇళ్ళు మాకు తెలుసు. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజునే సూర్యగ్రహణం పడితే జనం ఆ రెంటినీ ముడిపెట్టారు. ఎవరి చావుకో, పుట్టుకకో గ్రహణాలు పట్టవని ఆ దుఃఖంలోనే ఆయన (స) స్పష్టం చేశారు. మొర్రి తల్లి చేసిన తప్పూ కాదు, దాచుకోవలసిన అవమానమూ కాదు. పెదవికి మూడు నుంచి ఆరు నెలల వయసులోనే, అంగిలికి ఏడాది అటూ ఇటూగా ఆపరేషన్ చేస్తారు. ఆలస్యమైతే బిడ్డ మాట దెబ్బతింటుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఈ చికిత్స ఉంది. స్మైల్ ట్రైన్ సంస్థ సాయంతో ఉచితంగా చేసే ఆసుపత్రులూ ఉన్నాయి. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీకి ప్రత్యేక విభాగమే ఉంది.

కాలిన గాయాల సంగతీ అంతే. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన ఘోరం తెలుగువారెవరూ మరువలేరు. వారిలో ఒకమ్మాయి ప్రాణం నిలవలేదు. యాసిడ్ దాడి బాధితులకు కనీసం 3 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2013లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ప్రభుత్వ ఆసుపత్రులే కాదు, ప్రైవేటు ఆసుపత్రులు కూడా వారికి ఉచితంగా చికిత్స చేయాలన్నది చట్టం. ఇలాంటి ముఖాన్ని బాగుచేసే చేతిని ఏ ఆలిమూ ఆపడు.

ఇక నాణేనికి రెండో వైపు. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌వూద్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు ఒకటి బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. పచ్చబొట్లు పొడిచేవారిని, పొడిపించుకునేవారిని, కనుబొమల వెంట్రుకలు పీకించుకునేవారిని, అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకునేవారిని, అల్లాహ్ సృష్టిని మార్చేవారిని అందులో శపించడం జరిగింది. ఇది విని ఉమ్మె యాఖూబ్ అనే మహిళ ఊరుకోలేదు. నేరుగా ఇబ్నె మస్‌వూద్ (రజి) దగ్గరికే వెళ్ళి, ఖురాన్ ఆసాంతం చదివినా ఈ మాట నాకు కనబడలేదే అని నిలదీసింది. ప్రవక్త ఇచ్చినదాన్ని తీసుకోవాలనీ, వారించినదాన్ని మానాలనీ చెప్పే హష్ర్ సూరా ఆయతును ఆయన గుర్తుచేశారు. ఆమె అంతటితో ఆగక, మీ ఇంట్లో ఆడవాళ్ళు ఇవి చేయడం లేదా అని కూడా అడిగింది. వెళ్ళి చూసుకోమన్నారాయన. ఆమె వెళ్ళి చూసింది, ఏమీ కనబడలేదు. ఫత్వా చెప్పేవాడి ఇంటిని కూడా తనిఖీ చేసే హక్కు ఒక సామాన్య స్త్రీకి ఉండేదన్నమాట. ఈ సంగతి మాకు కాసేపట్లో మళ్ళీ అవసరమవుతుంది.

ఆ హదీసులో 'అందం కోసం' అన్న మాటను ఉలమా పట్టుకున్నారు. వైద్యం కోసమైతే వేరు, లోపం తొలగించడానికైతే వేరు, ఉన్న మామూలు రూపాన్ని మోజుకొద్దీ మార్చుకోవడం వేరు అని విడదీశారు. 2007 జూలైలో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ కూడా ఈ దారిలోనే తీర్మానం చేసింది. పుట్టుకతో వచ్చిన లోపాలు, ప్రమాదాల్లో, కాలిన గాయాల్లో ఏర్పడిన వికృతులు సరిచేయించుకోవచ్చు. మామూలు రూపాన్ని కేవలం కోరిక కొద్దీ, ఇతరులను అనుకరిస్తూ మార్చుకోవడం తగదు. ఊడిన జుట్టు స్థానంలో తన జుట్టునే నాటించుకోవడాన్ని పలువురు ఉలమా అనుమతించారు, ఎందుకంటే అది పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం.

ఈ మోజు ఎంతవరకు పోతుందో చెప్పడానికి ఒక ముచ్చట. సౌదీలో రియాద్ దగ్గర ఏటా ఒంటెల అందాల పోటీ జరుగుతుంది. బహుమానాల మొత్తం 6 కోట్ల 60 లక్షల డాలర్లు ఉన్న 2021 పోటీలో నలభైకి పైగా ఒంటెలను అనర్హులుగా ప్రకటించారు. కారణం, యజమానులు వాటి పెదవులకు, ముఖాలకు బొటాక్స్ సూదులు పొడిపించారు! ఒంటెను ఎలా సృష్టించామో చూడరా అని ఖురాన్ ఏ జంతువు వైపు వేలు చూపిందో, సరిగ్గా ఆ జంతువునే. నవ్వుకున్నాక ఒక్కమాట ఆలోచించాలి. ఒంటెకు ఇలా చేస్తే మోసమని పోటీ నుంచి తీసేశారు. ఆడపిల్లకు చేస్తే పెళ్ళికి అర్హత అంటున్నాం.

ఈ బొటాక్స్ ఆహారాన్ని విషపూరితం చేసే ఒక క్రిమి నుంచి తీసిన విషం. కండరాలను చచ్చుబరిచి ముడతలు కనబడకుండా చేస్తుంది. మూడు నాలుగు నెలల్లో ఆ ప్రభావం పోతుంది, మళ్ళీ పొడిపించుకోవాలి. మగవారు తామేదో దీనికి అతీతులమనుకోనక్కరలేదు. జుట్టు నాటించుకునే కేంద్రాలు ఎంతలా పుట్టుకొచ్చాయంటే, శిక్షణ పొందిన వైద్యులే ఆ పని చేయాలని 2022లో జాతీయ వైద్య కమిషన్ ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇవ్వాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో హైదరాబాదులో పెళ్ళి నిశ్చయమైన ఒక యువకుడు, చిరునవ్వు అందంగా కనబడాలని చికిత్సకు వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడని పత్రికల్లో చదివాం. ఏ ఆపరేషనూ చిన్నది కాదు. మత్తుమందు మత్తుమందే.

ఇంతవరకు చదివితే సైకిళ్ళ దుకాణం పెద్దమనిషికి జవాబు తేలికగా దొరికినట్టే. అమ్మాయి ముక్కు శ్వాస తీసుకుంటోంది, వాసన పసిగడుతోంది, నలుగురి ముక్కుల్లాంటి ముక్కే. లోపం లేదు కనుక కోత లేదు. కితాబు మూసేయవచ్చు.

కానీ పుత్రజయ తీర్మానంలో ఇంకో మాట ఉంది. మనిషికి శారీరకంగానో మానసికంగానో బాధ కలిగించే వికారాన్ని తొలగించుకోవచ్చు అని. మేము ఆగిపోయింది ఇక్కడే. మానసిక బాధ ఎక్కడ నుంచి వస్తుంది? ఒక ముక్కు తనంతట తాను ఎవరినీ బాధపెట్టదు. ఆ అమ్మాయి ఇరవై మూడేళ్ళు ఆ ముక్కుతోనే చదివింది, నవ్వింది, పిల్లలకు లెక్కలు చెప్పింది. నలుగురు వచ్చి, బిస్కట్లు తిని, టీ తాగి, పోతూ పోతూ ఒక మాట అనిపోయారు. ఆ రోజు నుంచి అది 'లోపం' అయింది. ఇలాంటివారు మరో ముగ్గురు వచ్చిపోతే నిజంగానే ఆమె మనసు చితికిపోతుంది. అప్పుడు మేమే మానసిక బాధ ఉంది కాబట్టి అనుమతి ఉందని చెప్పాలి కాబోలు! రోగాన్ని మనం అంటించి, మందు జాయిజా కాదా అని మనమే చర్చిస్తున్నాం.

మన ఉర్దూ పత్రికల్లో 'జరూరతే రిష్తా' శీర్షిక తీసి చూడండి. దీన్‌దార్, నమాజీ అని రాసిన పక్కనే 'గోరీ' అన్న మాట ఉంటుంది. తెలుగు పత్రికల పెళ్ళి ప్రకటనలూ ఇందుకు తీసిపోవు. ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీము మన దేశంలో 1975 నుంచి అమ్ముడవుతోంది. 2020లో పేరులో నుంచి ఫెయిర్ అన్న మాట తీసేసి గ్లో అని పెట్టారు. కంపెనీవాడికైనా కాస్త సిగ్గు వేసింది. మన రిష్తా బయోడేటాల్లో ఆ మాట ఇంకా అలాగే ఉంది.

ఇతరులనేముంది, ఉమ్మె యాఖూబ్ మా ఇంటికి వస్తే ఏం కనబడేదో చెప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం మా తమ్ముడికి సంబంధం చూడటానికి పక్క ఊరు వెళ్ళాం. అమ్మాయి ఆలిమా కోర్సు చదివింది. మంచి కుటుంబం. వాళ్ళు పెట్టిన భోజనం కడుపునిండా తిన్నాం. తిరిగొచ్చే బస్సులో మా ఆడవాళ్ళు "రంగ్ సాఫ్ నహీఁ" అన్నారు. మేము కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నాం. అంతకుముందు జుమా నాడే హజ్రత్ బిలాల్ (రజి) గురించి అరగంట ప్రసంగించి ఉన్నాం. జాతకాలు కలవలేదని చెప్పే వెసులుబాటు మనకు లేదు కనుక, 'ఇస్తిఖారాలో రాలేదు' అని కబురు పంపించారు. ఇస్తిఖారా ఎవరూ చేయలేదు. రంగుకోసం అబద్ధం, ఆ అబద్ధానికి అల్లాహ్ పేరు. ఆ కబురు వెళ్తున్నప్పుడు కూడా మేము ఊరుకున్నాం.

ఒకరినొకరు ఎగతాళి చేయవద్దనీ, స్త్రీలు స్త్రీలను ఎగతాళి చేయవద్దనీ హుజురాత్ సూరా ప్రత్యేకించి చెప్పింది. ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చునని కూడా చెప్పింది. సృష్టి మార్పును శపించే హదీసును మనకు అందించిన ఆ ఇబ్నె మస్‌వూద్ (రజి)కే ఈ అనుభవం ఉంది. ఆయన బాగా సన్నగా ఉండేవారు. మిస్వాక్ పుల్లల కోసం చెట్టెక్కితే, గాలికి బట్ట తొలగి పుల్లల్లాంటి కాళ్ళు కనబడ్డాయి. కింద ఉన్నవాళ్ళు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని ప్రవక్త (స) అడిగి, ఆ కాళ్ళు ప్రళయదినాన త్రాసులో ఉహద్ కొండ కన్నా బరువు తూగుతాయని చెప్పారు. ప్రవక్త (స) అక్కడ ఇబ్నె మస్‌వూద్‌కు ఓర్చుకోమని బోధించలేదు. నవ్వినవాళ్ళవైపు తిరిగారు. మనం మాత్రం ఎప్పుడూ చెట్టు మీద ఉన్నవారికే బోధిస్తుంటాం.

హజ్రత్ జులైబీబ్ (రజి) కథ కూడా అంతే. అందగాడు కాదు, డబ్బున్నవాడు కాదు. ఒక అన్సారీ ఇంటి అమ్మాయిని ఆయనకిమ్మని ప్రవక్త (స) కబురు చేస్తే తల్లిదండ్రులు వెనుకాడారు. లోపలి నుంచి అమ్మాయే, ప్రవక్త మాటను తిప్పిపంపుతారా అని అడిగి ఒప్పుకుంది. ఈ కథను మనం మగవాడి అందం చూడవద్దని ఆడపిల్లలకు చెప్పడానికే వాడుకున్నాం. అటువైపు తిప్పి అబ్బాయిల తల్లులకు చెప్పింది ఎప్పుడు?

అబ్బాయి తల్లి ఇంకో విషయం మరిచిపోయింది. డాక్టరు సరిచేసిన ముక్కు మనవడికి రాదు. వచ్చేది అల్లాహ్ ఇచ్చిన పాత ముక్కే. అప్పుడు ఎవరిని ఆసుపత్రికి పంపిస్తుంది?

చెప్పిన గడువుకు పెద్దమనిషి వచ్చారు. మాకు అర్థమైనంతవరకు ఈ ఆపరేషన్‌కు షరీఅత్‌లో చోటు లేదని చెప్పాం. అలా షరతు పెట్టడానికి అసలే లేదని కూడా చెప్పాం. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, "మౌల్వీసాబ్, మీరు చెప్పింది నిజమే. కానీ ఇంకో ఇద్దరు ఆడపిల్లలున్నారు నాకు" అన్నారు. దీనికి ఏ కితాబులోనూ మాకు జవాబు దొరకలేదు. అబ్బాయి తరఫువారితో మేమే మాట్లాడతామని మాటిచ్చాం.

ఇంట్లో ఈ సంగతంతా చెబితే మా ఆవిడ ఒకే ప్రశ్న వేసింది. "ఇంతమంది ఇన్ని మాట్లాడారు. ఆ పిల్లను ఎవరైనా అడిగారా?" ఎవరూ అడగలేదు. మర్నాడు ఆవిడే వెళ్ళి అడిగి వచ్చింది. అమ్మాయి ఏడవనూ లేదు, కోప్పడనూ లేదట. "ఉస్తాద్‌గారికి నా సలాం చెప్పండి. ఇప్పటిదాకా నేను విన్నవన్నీ వాళ్ళ అమ్మగారి మాటలే. ఆ అబ్బాయి మాట ఒక్కటీ వినలేదు. ఆయనకు ఈ సంగతి తెలుసో లేదో ముందు కనుక్కోమనండి" అందట.

దమ్మామ్ నంబరు తీసుకున్నాం. శుక్రవారం అక్కడ సెలవు. ఈరోజు జుమా తర్వాత ఫోన్ చేస్తాం.